నీళ్లు తాగిన ఉలులు

ప్రార్థనలో నేను కళ్లు మూసుకోను. భక్తి లేక కాదు, నా ఉద్యోగం అలాంటిది. సిటీ బస్సులో కండక్టర్ని. ఇన్నేళ్లూ ఒక కన్ను ముందు తలుపు మీద, ఇంకో కన్ను వెనక తలుపు మీద పెట్టి బతికాను. కళ్లు మూసుకుంటే చాలు, ఎవరో చెప్పకుండా దిగిపోతున్నట్టు ఉంటుంది. అందుకే మా మావయ్యను సమాధి చేసి వచ్చిన మర్నాడు, ఇంట్లో ఆదరణ కూడిక జరుగుతున్నప్పుడు, అందరూ కళ్లు మూసుకున్నా నేను మూసుకోలేదు. ఆ చప్పుడు మొదటిసారి వినబడింది అప్పుడే.

టింగ్‌మని ఒక్కసారి, పెరట్లోంచి. ఎవరో గాజు గ్లాసు మీద గోటితో కొట్టినట్టు సన్నగా, తేటగా. ఆ వెనకే గూడ్సు బండి వచ్చింది. మా ఇల్లు కంచరపాలెంలో రైలు పట్టాల పక్కనే. బండి వస్తే పాస్టరుగారైనా ప్రార్థన ఆపాల్సిందే. ఆయన ఆపి, బండి పోయేదాకా తల వంచుకుని నిలబడ్డారు. అప్పుడు చూశాను, మా అత్త కళ్లు కూడా తెరిచే ఉన్నాయి. పెరటి గుమ్మంలోంచి షెడ్డు వైపు చూస్తోంది. షెడ్డుకి తాళం వేసి ఉంది. తాళంచెవి ఆవిడ కొంగునే ముడేసి ఉంది.

"ఆ, వత్తన్నాను," అంది మెల్లగా.

పక్కన కూర్చున్న నాకు తప్ప ఎవరికీ వినబడలేదు. నాకు వినబడింది కాబట్టి ఇక నిద్ర కరువైంది.

ఆ షెడ్డు మావయ్యది. ఆయన పనిముట్లు చేసేవారు. ఇనుము కోసే ఉలులు, రాయి చెక్కే ఉలులు, పడవల వడ్రంగులకు బాడిసెలు. పగలు కూడా షెడ్డు చీకటిగానే ఉండేది. కిటికీకి గోనెపట్టా కట్టేశారు. ఎండలో చూస్తే కాలిన ఉక్కు రంగు అబద్ధం చెబుతుందనేవారు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఓ రోజు నన్ను పిలిచారు.

"ఇలా సూడమ్మా. భయపడకు," అన్నారు.

బొటనవేలంత మందం ఉన్న కడ్డీని కొలిమిలోంచి పట్టకారుతో తీసి చీకట్లో పట్టుకున్నారు. ఎరుపు తగ్గుతూ వచ్చింది. తగ్గి, తగ్గి, ఇక ఆరిపోయిందనుకున్నాను. అప్పుడు ఎవరూ ఊదకుండా, ఎవరూ ముట్టకుండా, దానంతట అదే లోపల్నుంచి మళ్లీ వెలిగింది. చీకట్లో ఆయన ముఖం ఒక్కసారి కనిపించి, మెల్లగా మాయమైంది.

"ఊపిరి తీసింది, సూసేవా? మామూలు ఇనుముకి ఇంత ఊపిరుండదు," అన్నారు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తాను. కొలిమికి గాలి కొట్టే చక్రం తిప్పుతున్న మా అత్త పడీ పడీ నవ్వింది. ఊపిరి తీసే వస్తువుతో ఒకే పెరట్లో కాపురం చెయ్యాలా అని ఆ రోజు మా ఆయన మీద విరుచుకుపడ్డాను కూడా. కార్బన్ ఎక్కువున్న ఉక్కు కొంత వేడికి లోపల రూపు మార్చుకుంటుంది, చల్లారేటప్పుడు ఆ దాచుకున్న వేడిని బయటికి వదిలేస్తుంది, అంతే, దెయ్యమూ లేదు భూతమూ లేదు అన్నాడు ఆయన. స్టీల్ ప్లాంటులో పనిచేసేవాడు కదా, అన్నిటికీ ఓ సమాధానం ఉంటుంది. సమాధానం విన్నాక కూడా నేను ఒంటరిగా ఆ షెడ్డులోకి వెళ్లలేదు.

మావయ్యకు మాత్రం ఆ రకం ఉక్కంటే ప్రాణం. పూర్ణా మార్కెట్ వైపు ఓ పాత ఇనుప కొట్టుకు వెళ్లి కడ్డీలు ఏరి తెచ్చుకునేవారు. సానరాయికి ఆనిస్తే నిప్పురవ్వలు కాకరపువ్వొత్తిలా కొమ్మలు కొమ్మలుగా విచ్చుకోవాలి. అప్పుడే అది అసలు సరుకు. నూనెలో ముంచితే గట్టిపడేది ఒక రకం, నీళ్లలో ముంచాల్సింది ఇంకో రకం. ఈయనకు నీళ్ల రకమే కావాలి. మొండిదే గాని, దానికి వచ్చే పదును ఇంక దేనికీ రాదట. కడ్డీ ఎర్రబడ్డాక, దారానికి వేలాడదీసిన అయస్కాంతం దగ్గరికి తీసుకెళ్లేవారు. అయస్కాంతం పట్టించుకోకపోతే వేడి సరిపోయినట్టు. వెంటనే సిమెంటు తొట్టిలో ఉప్పునీళ్లలో ముంచేవారు. ఆ నీళ్లు ఎప్పుడూ పారబోయరు, తగ్గితే కలుపుకోవడమే.

నీళ్లలోంచి తీసిన ఉక్కు ఆకురాయికి కూడా లొంగనంత గట్టిగా ఉంటుంది. గట్టిదే కాని గాజులాంటిది, కింద పడితే రెండు ముక్కలు. అందుకని దాన్ని రుద్ది మెరుగు పెట్టి, మళ్లీ సన్నసెగ చూపించాలి. సెగ తగిలేకొద్దీ రంగులు పాకుతాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత బెల్లం రంగు, ఆ తర్వాత వంకాయ రంగు. రాతి ఉలిని బెల్లం దగ్గర ఆపాలి, ఇనుము కోసేదాన్ని వంకాయ దాకా పోనివ్వాలి. పెద్ద ఉలులకు మొన మాత్రమే ముంచితే సరిపోతుంది, వెనకున్న వేడే ముందుకు పాకి ఆ పని చేసేస్తుంది. సమాధి రాళ్ల మీద అక్షరాలు చెక్కే సన్న ఉలులకు వెనక వేడి మిగలదు. వాటిని మొత్తంగా ముంచి తీసి, వేడి పలక మీద మళ్లీ కాచాలి. నీటికీ నిప్పుకీ మధ్యనున్న ఆ కాసేపే గండం.

ఆ కాసేపట్లో మావయ్యను ఎవరూ పిలవకూడదు. పిలిచినా పలకరు. ఎడమచెయ్యి పైకెత్తి ఉండమంటారు, అంతే. నాకు ఆడపిల్ల పుట్టిందని ఆస్పత్రి నుంచి కబురొస్తే, ఆ పొద్దు కూడా చెయ్యెత్తారు. పని పూర్తి చేసి, చేతులు కడుక్కుని, అప్పుడు బయలుదేరి వచ్చారు. అది తెలిసి నాకు ఒళ్లు మండిపోయింది. బాలింతనై ఉండి కూడా ఆయనతో మాట్లాడటం మానేశాను.

"నీల్లు తాగిన ఉక్కుని ఒంటరిగా ఒగ్గకూడదమ్మా," అన్నారు సంజాయిషీగా.

"మనవరాల్నయితే ఒగ్గొచ్చా?" అన్నాను.

ఆయన నవ్వి పాపను ఎత్తుకున్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే మనిషితో ఎంతకని వాదిస్తాం?

పోయిన రోజున ఆయన చేస్తున్నవి అక్షరాల ఉలులే. మా చర్చి సంఘంలోనే సమాధి రాళ్లు చెక్కే ఆయన చెప్పిన పని అది. నేను డ్యూటీలో ఉన్నాను, మా ఆయన షిఫ్టులో ఉన్నాడు. ఇంట్లో అత్త ఒక్కతే. ఉలులన్నీ నీళ్లలో ముంచి తీసి, వరసగా చెక్క మీద పెట్టి, మావయ్య బయటికి వచ్చి పెరటి మెట్టు మీద కూర్చున్నారట. అలాగే పక్కకు ఒరిగిపోయారట. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. మాకు అత్త చెప్పింది ఇంతే. మేం కూడా గుచ్చి గుచ్చి అడగలేదు. షెడ్డులో ఎక్కడివక్కడే ఉండగా మా ఆయన తాళం వేసి చెవి వాళ్లమ్మ చేతికిచ్చాడు.

ఆ తర్వాత చప్పుడు ఆగలేదు. రోజూ వచ్చేది కాదు. వచ్చే వేళంటూ లేదు. బట్టలు ఆరేస్తుంటే వచ్చేది. మిట్టమధ్యాహ్నం కాకి కూడా అరవని వేళ వచ్చేది. ఒకసారి వాన వెలిసి చల్లగాలి తిరగ్గానే వెంటవెంటనే రెండుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మా అత్త ఎక్కడున్నా ఆ వైపు తిరిగి, "ఆ, వత్తన్నాను," అనేది. పిలిచిన మనిషికి వంటింట్లోంచి బదులిచ్చినట్టు, ఎంతో మామూలుగా. అదే నన్ను భయపెట్టింది. ఏడ్చినా బాగుండేది.

పక్కింటావిడ కూడా విన్నది. గోడ మీంచి తొంగిచూసి, "మీరు దినాలూ గట్రా సెయ్యరు కదమ్మా, మరి ఆయన ఎలా ఎల్తారు? ఓ నిమ్మకాయైనా కట్టండి తలుపుకి," అంది.

"మా మావయ్యకి నిమ్మకాయంటే పడదు పిన్నీ, పులుపు," అన్నాను. నా నోటి సంగతి తెలిసిన మనిషి కనుక గోడ అవతలికి తప్పుకుంది. మర్నాడు తలుపు గొళ్లానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. నేను తీసి పారేద్దామని వెళ్లి, ఎందుకో తియ్యకుండానే వచ్చేశాను.

అత్త తిండి తగ్గించేసింది. ముద్ద నోటి దాకా వచ్చేది, ఈలోగా టింగ్‌మనేది, ముద్ద కంచంలోకి దిగిపోయేది. రోజూ పదకొండింటికి టీ కలిపి, గ్లాసు షెడ్డు గుమ్మం ముందు పెట్టేది. మావయ్యకు అది టీ వేళ. సాయంత్రానికి మీగడ కట్టి, చీమలు పట్టి, అలాగే ఉండేది. ఆవిడ రవికెలు వదులైపోయాయి. ఇదివరకు కూరలో ఉప్పు తక్కువైతే వీధి వీధంతా వినబడేలా అరిచే మనిషి, ఉప్పే వెయ్యని కూర పెట్టినా మాట్లాడకుండా తినేది. వత్తన్నాను, వత్తన్నాను అంటూ ఈ మనిషి ఓ రోజు నిజంగానే వెళ్లిపోతుందని నాకు అర్థమైంది. మా ఆయనతో చెబితే, "అమ్మకి కొంచెం టైమియ్యి," అన్నాడు. నాకు టైము అయిపోతున్నట్టే ఉంది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం అత్త గదిలో నిద్రపోతుంటే, నేను ధైర్యం తెచ్చుకుని షెడ్డు దగ్గరికి వెళ్లాను. రేకు తలుపుకి చెవి ఆనించాను. లోపల ఏమీ లేదు. బొగ్గు వాసన, తుప్పు వాసన. నా గుండె చప్పుడే రేకులోంచి నాకు వినబడుతోంది. నా మీద నాకే కోపం వచ్చి చెవి తియ్యబోయాను. సరిగ్గా అప్పుడే, చెవి పక్కనే, టింగ్.

వెనక గదిలోంచి, నిద్రలోనే, "వత్తన్నాను," అంది అత్త.

నేను పెరట్లో చతికిలబడిపోయాను. తాగుబోతుల్ని కాలరు పట్టుకుని బస్సు దింపినదాన్ని, పాక్కుంటూ ఇంట్లోకి వచ్చాను.

ఆ వారంలోనే రాళ్లు చెక్కే ఆయన వచ్చాడు. ఆయన మావయ్యను బావ అని, అత్తను అప్ప అని, అంటే అక్క అని, పిలుస్తాడు. కాసేపు కూర్చుని, తల గోక్కుని, ఉలుల మాట ఎత్తాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగినట్టుందే అని నేను నోరు తెరవబోయాను.

"నాకు పని ఆగిపోయిందని కాదప్పా," అన్నాడు ఆయన. "ఇప్పుడన్నీ మెషీనే సెక్కుతంది. సమాదుల పండక్కి మా బావ రాయి నాను నిలబెట్టాల. ఆ పేరొకటీ సేత్తో సెక్కుదారని. బావ సేసిన ఉలితోనే సెక్కుదారని. ఒక్కటున్నా సాలు."

అత్త షెడ్డు వైపు చూసి, టీ పెట్టడానికి లేచింది. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

నాకు సంగతి తెలిసింది గాజువాకలో. బస్సు తిరుగు ట్రిప్పుకి టైముంటే స్టాండు దగ్గర టీ తాగుతున్నాను. టీ కొట్టతను మరుగుతున్న నీళ్లలోంచి గ్లాసు తీసి చల్లనీళ్ల బకెట్లో ముంచి, బల్ల మీద బోర్లించాడు. నేను టీ సగం తాగాను. ఎవరి చెయ్యీ పడలేదు. బల్ల మీద గ్లాసు దానంతట అదే టింగ్‌మని పగిలింది.

"ముంచినప్పుడు పగల్దండీ మేడం. ఓ గడియాగి పగుల్తాది," అన్నాడతను ముక్కలు ఏరుతూ.

నా చేతిలో టీ అలాగే ఉండిపోయింది. నీళ్లు తాగిన ఉక్కుని ఒంటరిగా ఒగ్గకూడదమ్మా. ఉలులు. చెక్క మీద వరసగా పెట్టి వదిలేసిన ఉలులు. నీళ్లు బిగించేసిన బిగువుని సెగతో సడలించేవాడు లేక, లోలోపల లాక్కుని లాక్కుని, ఒక్కొక్కటే పగులుతున్నాయి. టికెట్ లేకుండా ఎక్కినవాణ్ణి పట్టుకున్నంత సంతోషమేసింది నాకు. ఆ రోజు డ్యూటీ ఎలా ముగించానో తెలీదు, దెయ్యాన్ని చేత్తో పట్టుకున్నదానిలా ఇంటికొచ్చాను.

అత్త పెరటి మెట్టు మీద షెడ్డుకి ఎదురుగా కూర్చుని ఉంది. ఇంకా పొద్దు గుంకలేదు.

"అత్తా, అది మావయ్య కాదు. ఉలులే. పదును కాయకుండా ఒగ్గీసేరు కదా, అవే పగుల్తన్నాయి," అన్నాను రొప్పుతూ.

ఆవిడ నా వైపు తిరగలేదు. "నాకు తెల్దేటే?" అంది. "ఇన్నేల్లు ఆ సక్రం తిప్పినదాన్ని. మొదటిది పగిలినప్పుడే తెలిసింది."

"మరి వత్తన్నాను, వత్తన్నాను అని ఎవుల్తో అంటన్నావు?"

"వాటితోనే."

దెయ్యమే నయమనిపించింది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఆ పొద్దు నానే పిలిసీసేనే," అంది అత్త. "టీ సల్లారిపోతంది, రా అని. నీటికీ నిప్పుకీ మద్దిన పిలవకూడదని నాకు తెల్దా? గోనె కట్టుందిగదా, ముంచేసేరని సూసుకోనేదు. పిలిసీసేను. ఆయన ఒచ్చీసేరు. ఈ మెట్టు మీదే కూసున్నారు. నాను పిలవకపోతే లోపలే ఉందురు. పని సగంలో ఉంటే ఆయన సావునైనా సెయ్యెత్తి ఉండమనేవోరు. ఒక్కోటీ పగిల్నప్పుడు నన్నే అడుగుతంది, మాకు నిప్పు ఎవులు సూపిత్తారని. వత్తన్నానంటాను. కాల్లు గుమ్మం దాటవు."

ఇన్నాళ్లూ ముద్ద దిగకపోవడం ఇందుకు. నాకు జాలి వెయ్యాల్సింది, కోపమొచ్చింది. పెద్దగా అరిచేశాను. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసినా ఆగలేదు.

"నీ మనవరాలు పుట్టిందంటేనే రానేదు ఆయన! సెయ్యెత్తి ఉండమన్నారు! టీ సల్లారిపోతందంటే వచ్చీసేరా? బుద్దుండాల అత్తా! ఆయన జల్మలో ఎవులు పిలిస్తే వచ్చేరు? ఒంట్లో ఏదో అయిపోతంది, ఆయనకి తెలిసిపోయింది. అందుకే వాటిని ఒగ్గీసి నీ కాడికొచ్చేరు. ఉక్కు కాడ కాదు, నీ కాడ ఉందామని ఒచ్చేరు. ఆ మాత్రం తెల్దా నీకు?"

అరిచాక నాకే ఏడుపొచ్చింది. అది నిజమో కాదో నాకేం తెలుసు? కాని ఆ మనిషిని నేను ఎరుగుదును. పలకకపోవడం ఆయన పద్ధతి. ఆ ఒక్క రోజు పలికారు.

ఒక గూడ్సు బండి మొత్తం పోయింది. తర్వాత అత్త కొంగు ముడి విప్పింది.

తలుపు తెరవగానే నాకు ముందు కనబడింది అయస్కాంతం. దారానికి వేలాడుతూ, నిటారుగా కాకుండా, చెక్క మీది ఉలుల వైపు కొంచెం వాలి, కదలకుండా ఉంది. ఎవరో వేలితో చూపిస్తున్నట్టే ఉంది. ఉలులు ఆయన పేర్చిన వరసలోనే ఉన్నాయి. కొన్నిటి మొనలు విరిగి, గెంతినట్టు అంత దూరాన పడి ఉన్నాయి. కొన్నిటికి వెంట్రుకంత బీట. అత్త ఒక్కొక్కటే దారానికి కట్టి ఎత్తి, గోటితో కొట్టి చూసింది. డొక్కు చప్పుడు. పక్కన పెట్టింది. మళ్లీ డొక్కు చప్పుడు. చివర్న ఉన్నదాన్ని మావయ్య మెరుగు పెట్టడం మొదలుపెట్టి ఆపినట్టున్నారు, ఒక పక్క తళతళమంటోంది. గోరు తగలగానే అది టింగ్‌మంది. ఇన్నాళ్లుగా మమ్మల్ని చంపుకుతిన్న ఆ చప్పుడే, సన్నగా, తేటగా.

"ఆ," అంది అత్త దాంతో. "వచ్చీసేను."

బొగ్గులు అంటించింది. చక్రం నన్ను తిప్పమంది. నేను గబగబా తిప్పాను. "మెల్లగా. తొందరపడితే ఇదీ పోద్ది," అంది. రెండో పక్క కూడా గరుకు కాగితంతో రుద్ది, ఉలిని వేడి పలక మీద పెట్టింది. ఇద్దరం ఊపిరి బిగబట్టి వంగి చూస్తున్నాం. ఏ క్షణాన అది పగిలి ముక్క ముఖానికి కొడుతుందో తెలీదు. తెల్లటి ఉక్కు మీద ఎండుగడ్డి రంగు మెల్లగా లేచింది. అత్త కదల్లేదు. గడ్డి ముదిరింది. అంచున బెల్లం రంగు కనబడీ కనబడగానే పట్టకారుతో ఎత్తి తొట్టిలో వేసింది. ఆ పాత ఉప్పునీళ్లు చుయ్యిమని ఊరుకున్నాయి. ఇంకేమీ వినబడలేదు. పైకి తీసి, తుడిచి, నా చేతిలో పెట్టింది. గోరువెచ్చగా ఉంది.

"రాయాయనకి ఇచ్చీ," అంది. "బావ పేరు సెక్కుకోమను." ఆ తర్వాత, "టీ ఎట్టే. ఆకలేస్తంది," అంది.

ఆకలేస్తంది. ఆ మాట విని ఎన్నాళ్లయిందో. నేను వంటింట్లోకి పరుగెత్తి టీ పెట్టాను, రొట్టె కూడా తీశాను. గ్లాసు పట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి చీకటి పడుతోంది. అత్త విరిగిన ఉలుల్ని కొలిమిలో వేసింది. ఎర్రగా కాల్చి బూడిదలో పూడిస్తే అవి మళ్లీ మెత్తబడతాయి, మళ్లీ మొదట్నుంచి చేసుకోవచ్చు. ఒకదాన్ని పట్టకారుతో తీసి, మావయ్య పీట మీద కూర్చుని, చీకట్లో పట్టుకుని చూస్తోంది. ఎరుపు తగ్గుతోంది. దాంతోపాటు ఆవిడ ముఖం కూడా కొంచెం కొంచెంగా కనబడకుండా పోతోంది. పూర్తిగా పోయింది. అప్పుడు ఉక్కు లోపల్నుంచి మళ్లీ వెలిగింది, ముఖం మళ్లీ వచ్చింది. దాన్ని చూసి నవ్వుతోంది మా అత్త.

గుమ్మం బయటే నిలబడ్డాను. చేతిలో టీ చల్లారిపోతోంది. నేను పిలవలేదు.